లినక్స్ డెస్క్‌టాప్‌కు మనం పంపే సూచనలు ఎక్కడ ఆగుతాయి

ఫైలు ఎంచుకునే పెట్టెలో ఫొటోల పేర్లతో పాటు వాటి చిన్న బొమ్మలు కూడా గడులుగా కనిపించాలన్న కోరిక, గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్‌కు ఉన్న బగ్‌ల (లోపాల, కోరికల) జాబితాలో 2004లో నమోదైంది. దానికి సంబంధించిన కోడు 2022 చివరిలో సిద్ధమై, 2023 మార్చిలో విడుదలైన గ్నోమ్ 44తో వాడుకరుల చేతికి అందింది. ఈ రెండింటి నడుమ గడిచిన ఏళ్లలో ఆ బగ్ కింద మొరపెట్టుకున్నవారు ఎందరో, దాన్ని వేళాకోళంగా మార్చి పంచుకున్నవారు ఎందరో ఉన్నారు. పేర్లన్నీ కెమెరా వేసిన అంకెలే అయినప్పుడు వాటిలో పాస్‌పోర్టు ఫొటో ఏదో, పెళ్లి ఫొటో ఏదో పేరు చూసి ఎలా పోల్చుకుంటామన్న ప్రశ్న సబబైనదేనని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. న్యాయమని అందరూ ఒప్పుకున్న కోరిక కూడా అన్నేళ్లు ఎందుకు నిలిచిపోయిందో అర్థం చేసుకుంటే, ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్‌కు సూచనలు పంపే పద్ధతిలో మనం ఏమి మార్చుకోవాలో తెలుస్తుందని నా అభిప్రాయం.

ఆ ఫైలు పెట్టె జీటీకే అనే లైబ్రరీలో (పలు ప్రోగ్రాములు పంచుకునే కోడులో) భాగం. గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ కోసం పుట్టిన జీటీకే తర్వాత గ్నోమ్ మొత్తానికీ పునాది అయింది. అయితే ఫొటోల చిన్న బొమ్మలను తయారుచేసే కోడు జీటీకేలో కాక, దాని మీద ఆధారపడిన గ్నోమ్ డెస్క్‌టాప్ లైబ్రరీలో ఉండేది. కింది పొర పై పొర మీద ఆధారపడటం సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో కుదరదు. అదీగాక, వేల ఫైళ్లున్న ఫోల్డరును గడుల రూపంలో చూపమంటే పాత జీటీకే విడ్జెట్లు (తెరమీది జాబితాల వంటి భాగాలు) నత్తనడక నడిచేవి. మధ్యలో కొందరు ప్యాచ్‌లు (కోడుకు సవరణలు) రాసుకున్నారు, తమ యంత్రాలపై వాడుకున్నారు, ఇతరులతో పంచుకున్నారు కూడా. వాటిని ప్రధాన కోడులో చేర్చి, ఆ తర్వాత ఏళ్ల తరబడి బాగోగులు చూసుకునే బాధ్యతను తలకెత్తుకునేవారే కరవయ్యారు. జీటీకే 4లో జాబితాలకూ గడులకూ కొత్త విడ్జెట్లు వచ్చి, ఫైలు పెట్టెను వాటి మీదికి మార్చిన తర్వాతనే ఇది చేయదగిన పని అయింది. 2024 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 47లోనైతే ఆ పెట్టె పనిని ఏకంగా ఫైల్స్ అప్లికేషనే చేపట్టింది.

ఇందులో ఓట్లు చేసినదేమీ లేదు. అయినా ఓట్లతో సూచనలను తూకం వేయవచ్చన్న నమ్మకం ఒకప్పుడు బలంగా ఉండేది. 2007 ఫిబ్రవరిలో డెల్ కంపెనీ కొనుగోలుదారుల ఆలోచనలను సేకరించి వాటికి ఓట్లు వేయించే ఐడియాస్టార్మ్‌ను మొదలుపెట్టింది. లినక్స్‌తో కూడిన కంప్యూటర్లు అమ్మాలన్న కోరికకు అక్కడ ఓట్లు వెల్లువెత్తాయి. అదే సంవత్సరం మే నెలలో డెల్, ఉబుంటు అనే లినక్స్ డిస్ట్రో (వాడటానికి సిద్ధంగా కూర్చిన లినక్స్) ఉన్న కంప్యూటర్లను అమెరికాలో అమ్మకానికి పెట్టింది. ఆ ఉత్సాహంతోనే ఉబుంటు వెనుక ఉన్న కానానికల్ సంస్థ 2008 ఫిబ్రవరిలో ఉబుంటు బ్రెయిన్‌స్టార్మ్‌ను ప్రారంభించింది. ఎవరైనా ఆలోచన చెప్పవచ్చు, మిగిలినవారు అనుకూలంగానో ప్రతికూలంగానో ఓటు వేయవచ్చు. 2013లో దాన్ని మూసేశారు.

డెల్ దగ్గర ఫలించిన పద్ధతి ఉబుంటు దగ్గర ఎందుకు చతికిలపడిందంటే, నా దృష్టిలో కారణం స్పష్టంగానే ఉంది. డెల్‌ను అడిగినప్పుడు, ఒక కంపెనీని దాని సొంత సరుకు గురించి అడిగాము. ఉబుంటు అలాంటి సరుకు కాదు. దాని కెర్నల్ (యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాము) ఒకచోట, గ్నోమ్ మరొకచోట, లిబ్రే ఆఫీస్ ఇంకొకచోట, ఫైర్‌ఫాక్స్ వేరొకచోట తయారై, చాలావరకు డెబియన్ అనే మరొక డిస్ట్రో మీదుగా వచ్చి ఒక డిస్కులో చేరతాయి. ఓట్లు కానానికల్ వాకిట్లో పడతాయి, పనిచేయవలసిన చేతులు ఎక్కడో ఉంటాయి. పైగా ఓటు వేయడానికి ఖర్చేమీ లేదు. వేగంగా బూట్ కావాలి, అన్ని ప్రింటర్లూ పనిచేయాలి, ఆటలన్నీ ఆడాలి అంటే వద్దనేవారు ఎవరుంటారు? ఉబుంటు మొదటి విడుదలకు ముందే, 2004 ఆగస్టులో, మార్కెట్‌లో మైక్రోసాఫ్ట్‌దే అధిక వాటా కావడాన్ని ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ ఒకటో నంబరు బగ్‌గా నమోదు చేసి, 2013 మేలో తానే మూసివేశాడు. అది ఆశయ ప్రకటనగా బాగానే ఉంది. కానీ వాడుకరులు పంపే సూచనలు కూడా చాలావరకు అదే తీరులో ఉంటే, చదివేవారికి సోమవారం పొద్దున ఏ ఫైలు తెరిచి ఏ వరుస మార్చాలో తెలియదు.

సూచనలో రెండు భాగాలుంటాయి. ఒకటి వాడుకరి పడిన ఇబ్బంది, రెండవది ఆయన ఊహించిన పరిష్కారం. మనవాళ్లు మొదటిదాన్ని మింగేసి రెండవదాన్ని మాత్రమే పంపుతారు. మా బాబాయి పాత ల్యాప్‌టాప్‌లో ఒక లినక్స్ డిస్ట్రో పెట్టి ఇచ్చాను. ఒకరోజు ఆయన గృహప్రవేశం వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, తెరమీద గీత చివరికంటా నిండగానే దాన్ని లాగేసి, ఎదురింటివాళ్ల టీవీకి తగిలించారు. వీడియో సగంలోనే ఆగిపోయింది. "పూర్తయిందని అదే చూపించాక కదరా తీశాను, ఇందులో నా తప్పేముంది? కాపీ అయిపోగానే గంట మోగేట్టు పెట్టమని ఆ తయారుచేసేవాళ్లకు ఒక ఉత్తరం ముక్క రాయి" అన్నారు.

ఆయన కోపం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది, ఆయన చెప్పిన గంట మాత్రం పనికిరాదు. కాపీ చేస్తున్నప్పుడు లినక్స్ కెర్నల్ ముందుగా డేటాను ర్యామ్‌లోకి తీసుకుని, నెమ్మదిగా నడిచే పెన్‌డ్రైవ్‌కు తర్వాత తీరుబడిగా రాస్తుంది. కాపీ చేసే ప్రోగ్రాముకు తెలిసినదల్లా తాను డేటాను కెర్నల్‌కు అప్పగించానన్న సంగతే కాబట్టి గీత అప్పుడే నిండిపోతుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో మామూలు అమరికల ప్రకారం ఒక జీబీకి పైగా డేటా ఇలా మధ్యలో నిలిచి ఉండవచ్చు. గంట పెట్టినా అది సరిగ్గా అదే తప్పు క్షణంలో మోగుతుంది. కాబట్టి గంట కావాలని సూచన పంపితే మెయింటెయినర్ (ఆ కోడు బాగోగులు చూసే మనిషి) ఒక్క వాక్యంతో తోసిపుచ్చుతాడు, తోసిపుచ్చడం సరైనదే అవుతుంది కూడా. "గీత నిండిన తర్వాత కూడా పెన్‌డ్రైవ్‌కు రాయడం కొన్ని నిమిషాలు సాగుతోంది, ఆ సంగతి తెరమీద ఎక్కడా కనిపించడం లేదు, అప్పుడు డ్రైవ్ తీసేస్తే ఫైలు సగమే ఉంటోంది" అని రాస్తే మాత్రం కాదనడానికి ఎవరికీ వీలుండదు. దానికి పరిష్కారం కెర్నల్‌లో పరిమితి పెట్టడమా, ఫైల్ మేనేజరు రాత నిజంగా ముగిసేదాకా ఆగి గీతను నింపడమా, లేక నోటిఫికేషన్ చూపడమా అన్నది కోడు తెలిసినవారు తేల్చుకుంటారు.

నిర్ణయాధికారం ఎవరిదన్న ప్రశ్న 2010లో బాహాటంగా తలెత్తింది. ఉబుంటు 10.04 (ఈ అంకెలు విడుదలైన ఏడాదినీ నెలనూ చెబుతాయి) విడుదలకు రెండు నెలలైనా లేని సమయంలో, కిటికీని మూసే, చిన్నదిగా చేసే బొత్తాలు కుడి నుంచి ఎడమకు మారిపోయాయి. వాడుకరులు భగ్గుమన్నారు. ఇది ప్రజాస్వామ్యం కాదని, డిజైన్ నిర్ణయాలకు ఓట్లు పెట్టబోమని షటిల్‌వర్త్ జవాబిచ్చాడు. ఆ మాటతో నాకు పేచీ లేదు, ఎందుకంటే ఏ బొత్తం ఎక్కడ ఉండాలో జనాభిప్రాయంతో తేల్చిన డెస్క్‌టాప్‌ను ఎవరూ వాడలేరు. నా పేచీ మరొక విషయంలో ఉంది. కుడివైపు ఖాళీలో కొత్త సూచికలు పెట్టాలన్న ఆలోచన ఆ మార్పు వెనుక ఉండగా, దాన్ని ముందే విడమరిచి చెప్పి అభ్యంతరాలు విని ఉంటే సగం గొడవ తప్పేది. ఆ సూచికలు చివరికి రానేలేదు. బొత్తాలు మాత్రం 2017 అక్టోబరులో 17.10 వచ్చేదాకా ఎడమవైపే ఉండిపోయాయి.

ఉబుంటు సొంత డెస్క్‌టాప్ యూనిటీలోని లాంచర్ (ప్రోగ్రాములు తెరిచే బొమ్మల పట్టీ) సంగతి ఇంకా ఆసక్తికరమైనది. 2011 ఏప్రిల్‌లో 11.04తో వచ్చిన ఆ లాంచర్ ఎడమ అంచుకు అతుక్కుని ఉండేది. దాన్ని కిందికి జరుపుకునే వీలు కల్పించండని అడిగినవారికి, అది తమ డిజైన్‌కు సరిపడదన్న సమాధానమే దక్కింది. ఐదేళ్ల తర్వాత 16.04లో ఆ వీలు వచ్చింది. దాన్ని సాధించింది మొరపెట్టుకున్నవారి సంఖ్య కాదు. చైనా వాడుకరుల కోసం పనిచేసే ఉబుంటు కైలిన్ బృందానికి లాంచర్ కింద ఉండటం అవసరమైంది, వాళ్లే కూర్చుని ఆ పని చేశారు. మరుసటి ఏడాదే కానానికల్ యూనిటీని వదులుకుంటున్నట్లు ప్రకటించడం వేరే సంగతి. 12.10లో డెస్క్‌టాప్ వెతుకులాటలో అమెజాన్ సరుకులు ప్రత్యక్షమైనప్పుడు వచ్చిన నిరసన కూడా వెంటనే ఫలించలేదు. ఆపుకునే మీట ఒకటి త్వరగానే ఇచ్చినా, మొదటినుంచే ఆపి ఉంచే ఏర్పాటు 16.04లో గానీ రాలేదు.

ఇంతవరకు చెప్పినదంతా నిరాశ కలిగించేదిలా ఉంటే, ఉబుంటు చరిత్రలోనే దానికి విరుగుడు కూడా ఉంది. 2009లో 9.10 విడుదలను లక్ష్యంగా పెట్టుకుని కానానికల్ డిజైన్ బృందం వంద పేపర్‌కట్లు అనే పని మొదలుపెట్టింది. కాగితం అంచు కోసుకున్నంత చిన్నదై, రోజూ చురుక్కుమనే లోపాలు అన్నమాట. మామూలు వాడుకరికి కొత్తగా వ్యవస్థ పెట్టుకోగానే ఎదురుపడేదై ఉండాలి, సులువుగా సరిచేయగలిగినదై ఉండాలి అన్నవి అందుకు పెట్టుకున్న షరతులు. కొత్త సౌకర్యాలు కావాలన్న కోరికలను అందులోకి రానివ్వలేదు. ప్లాస్మా అనే మరొక లినక్స్ డెస్క్‌టాప్‌ను తయారుచేసే కేడీఈ వాళ్లు 2022 జనవరిలో పదిహేను నిమిషాల బగ్‌లు అనే పేరుతో ఇటువంటి ప్రయత్నమే చేపట్టారు. ప్లాస్మా డెస్క్‌టాప్‌ను తెరిచిన పావుగంటలో కంటబడే లోపాలను ముందు సరిచేద్దామన్నది వాళ్ల ఉద్దేశం. ఓట్ల పెట్టెకూ ఈ జాబితాలకూ తేడా ఏమిటంటే, ఇక్కడ జాబితా పెట్టినవారే పని చేయడానికి కూర్చున్నారు, ఏది జాబితాలోకి రాకూడదో ముందే చెప్పారు.

తెలుగు వాడుకరులకు ఈ తేడా ప్రాణప్రదమైనది. లినక్స్ డెస్క్‌టాప్ మీద రోజూ తెలుగు టైపు చేసేవారి సంఖ్య ఏ ఓట్ల పద్ధతిలోనైనా జాబితా అడుగునే ఉంటుంది. వత్తు తెగిపోతోందన్న మొరకు పడే ఓట్లు గ్రాఫిక్స్ డ్రైవర్ గురించిన మొరకు పడే ఓట్లతో ఏనాటికీ తూగవు. అదృష్టం ఏమిటంటే మన ఇబ్బందులలో చాలా భాగం పేపర్‌కట్ల కోవకే చెందుతాయి.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే ట పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు పెట్టాలి. పెట్టకపోతే "వే"లోని వ కాస్తా వత్తుగా మారి కిందికి దిగి "సాఫ్ట్వేర్" అవుతుంది. "ఫేస్‌బుక్" కూడా అంతే, గుర్తు లేకపోతే బ వెళ్లి స కింద చేరుతుంది. ఇంగ్లీషు మాటలు లేని తెలుగు వాక్యం ఈ రోజుల్లో అరుదు కాబట్టి ఈ గుర్తు అవసరం రోజుకు ఎన్నిసార్లు పడుతుందో చెప్పనక్కరలేదు. తమ కీబోర్డు అమరికలో దానికి కీ ఉన్నదో లేదో తెలియనివారు కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి, 200సి అని కొట్టి, ఎంటర్ నొక్కుతుంటారు. ఒక్క పొల్లు కోసం ఇంత తతంగం.

దీనిని "తెలుగు టైపింగ్ మెరుగుపరచండి" అని పంపితే అది ఎవరి బల్ల మీదికీ చేరదు. లినక్స్‌లో కీబోర్డు అమరికలన్నీ ఎక్స్‌కీబోర్డ్ కాన్ఫిగ్ అనే ప్రాజెక్టులో ఉంటాయి. భారతీయ భాషలవన్నీ అందులో ఒకే టెక్స్ట్ ఫైలులో వరుసగా ఉంటాయి. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి, కగప పద్ధతి, సరళ పద్ధతి కనిపిస్తాయి. ఒక్కో కీకి ఒక్కో వరుస, ఆ వరుసలో మామూలుగా నొక్కితే ఏమి రావాలి, షిఫ్ట్‌తో ఏమి రావాలి, కుడి ఆల్ట్‌తో ఏమి రావాలి, రెండింటితో ఏమి రావాలి అన్న నాలుగు స్థానాలకు చోటు ఉంటుంది. కాబట్టి సూచన ఇలా ఉండాలి: ఫలానా అమరికలో, ఫలానా కీకి కుడి ఆల్ట్ స్థానం ఖాళీగా ఉంది, ఆ గుర్తును అక్కడ పెడితే ఇప్పటికే అలవాటు పడిన వేళ్లకు ఏ ఇబ్బందీ రాదు, అది ఏయే పదాలకు అవసరమో ఇవిగో ఉదాహరణలు. ప్రోగ్రామింగ్ రానివారు కూడా ఈ మార్పును స్వయంగా చేసి పంపగలరు. చేరిందంటే అది ఉబుంటుతో ఆగదు. డెబియన్, ఫెడోరా, మింట్ అన్నీ అదే ఫైలును వాడతాయి. ఇన్‌స్క్రిప్ట్ అన్నది ప్రభుత్వ ప్రమాణం కాబట్టి, ఆ అమరికలో మార్పు కోరేముందు ప్రమాణం ఏమంటోందో చూసుకోవడం తప్పనిసరి. లేకపోతే మొదటి జవాబు అదే వస్తుంది.

అన్నీ ఇంత చిన్నవి కావు. గ్నోమ్ టెర్మినల్‌లో తెలుగు చూసినవారికి తెలుసు, గుణింతాలు చెదిరిపోయి, వత్తులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. టెర్మినల్ అన్నది పుట్టుకతోనే ఒక్కో అక్షరానికి ఒక్కో గడి అన్న లెక్క మీద నడుస్తుంది. మన "క్ష్మి" మాత్రం యూనికోడ్‌లో ఆరు సంకేతాల కలయిక, అది ఎన్ని గడులు ఆక్రమించాలన్న దానికి సూటి సమాధానం లేదు. అటువంటిదాన్ని పేపర్‌కట్ అని పంపడం వృథా. అది ఇష్టంగా చేయదగిన పరిశోధన, బహుశా ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి మంచి ప్రాజెక్టు.

అక్షరాలు తప్పుగా కనిపించడం గురించి సూచన పంపేటప్పుడు తప్పు ఎక్కడుందో మనమే సగం తేల్చవచ్చు. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్, గ్నోమ్ అప్లికేషన్లు అన్నీ అక్షరాల కూర్పుకు హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్‌ను వాడతాయి. "లక్ష్మి" అన్న మాటను ఒకే ఫాంటుతో ఈ మూడింటిలోనూ రాసి చూడండి. మూడింటిలోనూ మ వత్తు తప్పుగా పడితే ఫాంటును అనుమానించాలి. ఫాంటు మార్చగానే సరైపోతే ఆ అనుమానం బలపడుతుంది. ఒక్క ప్రోగ్రాములోనే చెడితే ఆ ప్రోగ్రామును అనుమానించాలి. ఈ పరీక్షకు పట్టేది చాలా కొద్ది సమయం, కానీ అది లేని బగ్ నివేదిక ఏళ్ల తరబడి ఒక ప్రాజెక్టు నుంచి మరొక ప్రాజెక్టుకు బంతిలా తిరుగుతూ ఉంటుంది.

సమయం కూడా చూసుకోవాలి. ఉబుంటు ఏటా ఏప్రిల్‌లోను, అక్టోబరులోను విడుదలవుతుంది. విడుదలకు సుమారు రెండు నెలల ముందు కొత్త సౌకర్యాలకు తలుపులు మూస్తారు, ఆ తర్వాత తప్పులు సరిదిద్దడమే. మార్చిలో అందిన కోరిక ఏప్రిల్ విడుదలలోకి చేరదు. అదే కోరిక మేలో అందితే కనీసం ఆలోచించేవారుంటారు. రెండేళ్లకోసారి వచ్చే దీర్ఘకాల విడుదలలు వాడేవారు, తాము చూస్తున్న లోపం కొత్త విడుదలలో ఇప్పటికే పోయిందేమో లైవ్ యూఎస్‌బీతో (కంప్యూటరులో పెట్టకుండానే నడిపే పెన్‌డ్రైవ్‌తో) చూసుకోవడం మర్యాద. ఇక సూచన పంపిన తర్వాత, ఉబుంటు బగ్‌లు నమోదయ్యే లాంచ్‌ప్యాడ్‌లో దానికి కోరికల జాబితా అన్న ముద్ర పడినా, డెబియన్‌లో విష్‌లిస్ట్ స్థాయి ఇచ్చినా నొచ్చుకోనక్కరలేదు. అది తిరస్కారం కాదు, చేసే మనిషి కోసం ఎదురుచూస్తోందని అర్థం.

ఇక్కడే తెలుగునాట ఉన్న అసలు లోటు కనిపిస్తుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చింది, గ్నోమ్, కేడీఈ అనువాదాలకు ఎందరో స్వచ్ఛందంగా శ్రమించారు. అనువాదం మన దగ్గరి నుంచి అటు వెళ్తోంది, వాడుకలో పడిన ఇబ్బంది మాత్రం వెళ్లడం లేదు. బగ్ నివేదికలు ఇంగ్లీషులో రాయాలి, లాగిన్ తెరవాలి, ఏ ప్రాజెక్టుకు రాయాలో తెలియాలి. ఇవన్నీ దాటుకుని వెళ్లే ఓపిక తెలుగు టైపు చేసే ఉపాధ్యాయుడికో, పంచాయతీ ఆఫీసు ఉద్యోగికో ఉండాలని కోరడం అన్యాయం. మధ్యలో ఒకరు కూర్చుని, వాళ్లు తెలుగులో చెప్పింది విని, ఏ వెర్షన్, ఏమి చేశారు, ఏమి కనిపించింది, ఏమి కనిపించాలనుకున్నారు, మళ్లీ చేస్తే మళ్లీ అదే జరుగుతోందా అని అడిగి తెలుసుకుని, పైన చెప్పిన పరీక్ష చేసి, సరైన చోట నమోదు చేయాలి. నివేదికతో పాటు తప్పుగా కనిపిస్తున్న అక్షరం బొమ్మను, దాని పక్కనే అది ఎలా ఉండాలో చూపే బొమ్మను జతచేయాలి, ఎందుకంటే దాన్ని చదివే మెయింటెయినర్ తెలుగు అక్షరాన్ని అంతకుముందు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు.